ప్లేఆఫ్స్‌లో ఓడిన రాత్రి నుంచి వేలం దాకా: టైటాన్స్ అభిమాని చూడాల్సినవి

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటుతుంటే వైజాగ్‌లో నిద్రపోయినవాళ్లు తక్కువ. మా ఇంట్లో కరెంటు పోతూ వస్తూ ఉంది. కిటికీల కింద పాత తువ్వాళ్లు కుక్కి, నలుగురం ఒకే ఫోన్ ముందు తలలు ఆనించి కూర్చుని ఢిల్లీలో జరుగుతున్న ప్రో కబడ్డీ ఎలిమినేటర్, అంటే ఓడితే ఇంటికే అన్న మ్యాచ్, చూశాం. మన తెలుగు టైటాన్స్ పట్నా మీద 46-39తో గెలిచింది. బయట గాలి హోరుకి మా అరుపులు పక్క వాటాకి కూడా వినపడి ఉండవు. మర్నాడు రాత్రికి గాలి తగ్గింది, కరెంటు నిలకడగా ఉంది, మ్యాచ్ టీవీలోనే చూశాం. క్వాలిఫయర్ 2లో పుణేరి పల్టన్ చేతిలో 45-50. ఫైనల్ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాం.

తెలుగు టైటాన్స్‌ని మొదటి సీజన్ నుంచి, అంటే 2014 నుంచి చూస్తున్నాను. ఇన్నేళ్లలో ఓడిపోవడం ఎలాగో అలవాటైంది గానీ, ఓడాక ఏం చూడాలో నేర్చుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. వేలం వచ్చేసరికి "ఎవర్ని కొన్నారు, ఎంత పెట్టారు" అని తప్ప ఇంకేమీ అడగని అభిమానులు మనలో చాలామంది ఉన్నారు, నేనూ అలాగే ఉండేవాణ్ని. ఓటమికి, తర్వాతి సీజన్‌కి మధ్య ఉన్న ఆ ఖాళీ నెలల్ని ఎలా వాడుకోవాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందు ఒక వారం ఏమీ చేయకండి. ఎవర్ని తీసెయ్యాలి, కోచ్‌ని మార్చాలా అని ఆ రాత్రే తేల్చేస్తే, అప్పుడు మాట్లాడేది కోపం, మీరు కాదు. వారం పోయాక ఆ మ్యాచ్‌ని మళ్లీ పెట్టుకోండి, ఈసారి నోట్‌బుక్‌తో.

నా పద్ధతి ఇది. పొడవాటి నోటుబుక్‌లో ఎదురెదురు పేజీలు రెండు. ఎడమవైపు మన రైడ్లు (కూతకి వెళ్లడాలు), కుడివైపు వాళ్లవి. రైడుకి ఒక గీత. ఖాళీగా తిరిగి వస్తే చుక్క, ఎదుటివాళ్లని తాకి టచ్ పాయింట్లు తెస్తే అంకె, బోనస్ గీత దాటి పాయింటు తెస్తే 'బో', పట్టుబడితే అడ్డగీత. అడ్డగీత పక్కన ఎవరు పట్టారో పేరు కాదు, ఏ స్థానంలోవాడు పట్టాడో రాస్తాను: ఎడమ కార్నర్, కుడి కార్నర్ (రెండు చివర్ల నిలబడేవాళ్లు), కవర్ (కార్నర్‌కి, మధ్యకి నడుమ నిలబడేవాడు), మధ్యలో. రైడుకి ముప్ఫై సెకన్లు, ఆట నలభై నిమిషాలు, కాబట్టి ఒక్కో జట్టుకి నలభై రైడ్ల చుట్టుపక్కల వస్తాయి, అదంతా ఒక పేజీలో పడుతుంది. జట్టు మొత్తం ఔటై ఆలౌట్ అయిన చోట ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత గీయండి. మ్యాచ్ ఎక్కడ జారిపోయిందో ఆ ఎర్ర గీతలకి ముందు నాలుగైదు రైడ్లు చూస్తే తెలిసిపోతుంది. ఆలౌట్‌కి అదనంగా వచ్చే పాయింట్లు రెండే, కానీ దాని ముందు మనవాళ్లు ఇద్దరో ముగ్గురో మిగిలి, భయంతో వెనక గీతకి అంటుకుపోయి నిలబడతారు చూడండి, అసలు నష్టం అక్కడ మొదలవుతుంది.

ఇంకో సంగతి. ముగ్గురు లేదా అంతకంటే తక్కువమంది ఉన్నప్పుడు రైడర్ని పట్టుకుంటే సూపర్ ట్యాకిల్, ఒక పాయింటు అదనం. మనవాళ్లు ముగ్గురు ఉన్నప్పుడు ఎన్నిసార్లు పట్టడానికి ప్రయత్నించారో, ఎన్నిసార్లు ఊరికే తప్పుకుని రైడర్‌ని పంపించేశారో విడిగా రాయండి. టీమ్ ధైర్యం స్కోరుబోర్డులో కంటే అక్కడ బాగా కనబడుతుంది.

ఇప్పుడు క్వాలిఫయర్ 2 సంగతికి వద్దాం. 45 పాయింట్లు కొట్టిన జట్టు ఓడింది. మన రైడర్ భరత్ హుడా ఒక్కడే ఇరవైకి పైగా తెచ్చాడు. రైడింగ్ నుంచి అంతకు మించి ఏం అడుగుతాం? అదే వారం, అక్టోబరు 31న ఫైనల్లో దబంగ్ ఢిల్లీ అదే పుణె జట్టుని 31-28తో ఓడించి కప్పు ఎత్తుకుపోయింది. ఆ రెండు స్కోర్లు పక్కపక్కన రాసుకుని చూడండి. మనం 45 కొట్టి ఓడాం, ఢిల్లీ 31 కొట్టి గెలిచింది. అదే పుణె మన మీద 50 తెచ్చుకుంది, ఢిల్లీ మీద 28 దగ్గర ఆగిపోయింది. ఢిల్లీ డిఫెన్స్‌లో ఫజల్ అత్రాచలి లాంటి ఇరాన్ అనుభవజ్ఞుడు ఉన్నాడు, ఒత్తిడిలో ఎప్పుడు పట్టాలో ఎప్పుడు ఆగాలో తెలిసినవాడు. నాకైతే ఈ ఆఫ్ సీజన్ అంతటికీ దారి చూపించేది ఈ రెండు స్కోర్లే. మనకి కావలసింది ఇంకో రైడర్ కాదు, కాళ్లు పట్టేవాళ్లు.

కాళ్లు పట్టడం అంటే ఏమిటో నాకు టీవీ చూసి అర్థం కాలేదు. భీమిలి దగ్గర మా ఊళ్లో ఇసుకలో చెడుగుడు ఆడిన మా చిన్నాన్న ఒకసారి హాల్లో బల్ల పక్కకి జరిపి చూపించారు. నన్ను రైడర్‌లా రమ్మన్నారు. తను మూలన ఒక మోకాలు సగం వంచి, అరచేయి నేలకి జానెడు ఎత్తులో పెట్టి, నా మొహం వైపు చూడకుండా నడుము వైపు చూస్తూ కూర్చున్నారు. నేను కాలు చాచి చేత్తో తాకబోయాను. ఆయన కదల్లేదు. ఇంకోసారి చాచాను, అప్పుడూ కదల్లేదు. మూడోసారి వెనక్కి తిరగడానికి బరువు కుడికాలి మీద వేశానో లేదో ఎడమ చీలమండ ఆయన రెండు చేతుల్లో ఉంది. "బరువు ఏ కాలి మీద పడిందో చూడరా, రెండో కాలు నీదే" అన్నారు. అంతే. కార్నర్ ఆటగాడి నైపుణ్యమంతా మొదటి రెండుసార్లు ఆగడంలోనే ఉంది. ఆ తర్వాత అరక్షణంలో కవర్ వచ్చి నడుము మీద పడకపోతే, అంత బాగా పట్టిన కాలు కూడా జారిపోతుంది. అందుకే నోట్‌బుక్‌లో "కార్నర్ పట్టాడు, కవర్ రాలేదు" అని రాసుకోవడానికి ఒక గుర్తు పెట్టుకోండి. నేను సున్నా చుట్టి మధ్యలో చుక్క పెడతాను. అలాంటి గుర్తులు నాలుగు దాటాయంటే ఆ ఇద్దరికీ ఇంకా కుదరలేదని అర్థం. ఆ సమన్వయం వేలంలో దొరకదు, ఒకరి పక్కన ఒకరు ఆడితేనే వస్తుంది.

దీనికి మన చరిత్ర కంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. రెండో సీజన్‌లో, 2015లో, సెమీస్‌లో బెంగళూరు బుల్స్ చేతిలో 38-39. ఒక్క పాయింటు. మూడో స్థానం మ్యాచ్‌లో పట్నాని ఓడించి సరిపెట్టుకున్నాం. 2016లో నాలుగో సీజన్ సెమీస్‌లో జైపూర్ చేతిలో 24-34, అదీ హైదరాబాద్‌లో, సొంత జనం ముందు. అక్కణ్నుంచి 2025 దాకా ప్లేఆఫ్స్ మొహం చూడలేదు. మధ్యలో ఖర్చు పెట్టలేదా అంటే పెట్టారు. రాహుల్ చౌదరి కోసం 2018లో 1.29 కోట్లు. మరుసటి ఏడు సిద్ధార్థ్ దేశాయ్‌కి 1.45 కోట్లు, ఆ వేలంలో అదే అత్యధికం. 2023లో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు, లీగ్‌లో అప్పటిదాకా ఎవరికీ అంత పెట్టలేదు. ముగ్గురూ గొప్ప ఆటగాళ్లే, ఆ మాటలో నాకు రెండో ఆలోచన లేదు. రాహుల్ కూత మొదలుపెడితే మా వీధిలో పిల్లలు కూడా తొడ కొట్టేవారు. అయినా ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లు కలిపి 66 లీగ్ మ్యాచ్‌ల్లో మనం గెలిచినవి ఐదు. ఒకటి, రెండు, రెండు. మూడుసార్లూ పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. రాత్రి పది దాకా కూర్చుని ఆ 66లో దాదాపు అన్నీ చూసినవాడిగా చెబుతున్నాను, చాలాసార్లు మనం ఓడింది రైడర్ లేక కాదు.

లెక్క వేసి చూడండి. 2023లో జట్టు పర్సు, అంటే ఆటగాళ్ల మీద జట్టు మొత్తం పెట్టగలిగే డబ్బు, ఐదు కోట్లు. 2.605 ఒక్కరికే వెళ్లిపోతే 2.395 మిగులుతుంది. జట్టులో కనీసం 18 మంది ఉండాలి. మిగతా 17 మందికీ సమానంగా పంచితే తలా 14 లక్షలు. అప్పుడు వేలంలో మూడో తరగతి అయిన సి కేటగిరీ ఆటగాడి కనీస ధరే 13 లక్షలు. అంటే మంచి కార్నర్ కోసం వేరే జట్టు నలభై, యాభై లక్షలకి వెళ్తుంటే మనవాళ్లు చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అది పవన్ తప్పు కాదు. ఆ ధర పెట్టినవాళ్లు మిగిలిన పదిహేడు పేర్లు ముందే రాసుకోలేదన్నది నా ఫిర్యాదు.

"మరి పట్నాకి ఒక్క పెద్ద రైడర్‌తోనే, ప్రదీప్ నర్వాల్‌తోనే కప్పులు రాలేదా?" అని మా బావ ప్రతిసారీ అడుగుతాడు. పట్నా వరసగా మూడు కప్పులు కొట్టింది నిజమే, ఐదో సీజన్‌లో ప్రదీప్ ఒక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు, అదీ నిజమే. కానీ ఆ సీజన్‌లో అతను మ్యాట్ బయట ఉన్నప్పుడు రైడ్‌కి వెళ్లడానికి మోనూ గోయత్ ఉన్నాడు. అదే ప్రదీప్‌ని 2021 వేలంలో యూపీ 1.65 కోట్లకి తీసుకుంటే కప్పు రాలేదు. పెద్ద రైడర్ని కొంటే తప్పేం లేదు. అతను ఔటై బెంచీ మీద కూర్చున్న నాలుగు నిమిషాలు ఎవరు ఆడతారో తెలియకుండా కొంటే తప్పు.

మన టీమ్ దారి మార్చుకోవడం పదకొండో సీజన్‌లో కనిపించింది. ఢిల్లీకి కప్పు తెచ్చిపెట్టిన కోచ్ క్రిషన్ కుమార్ హుడా వచ్చారు. పవన్ గాయంతో పక్కకి తప్పుకుంటే విజయ్ మాలిక్ బాధ్యత తీసుకున్నాడు. 12 మ్యాచ్‌లు గెలిచి ఏడో స్థానంలో ఆగాం, ఆరు జట్లే ముందుకు వెళ్లేవి. అంతకు ముందు మూడేళ్లలో ఐదు గెలిచిన జట్టుకి అది చిన్న మార్పు కాదు. తర్వాతి వేలంలో పవన్‌ని వదిలేశారు, విజయ్‌ని 51.5 లక్షలకి మళ్లీ తెచ్చుకున్నారు, భరత్‌ని 81 లక్షలకి కొన్నారు. ఇద్దరి ధర కలిపినా 1.325 కోట్లు, 2023లో ఒక్కరికి పెట్టినదాంట్లో సగం దగ్గర. ఇద్దరు నిలకడైన రైడర్లు, పైగా కొంత డబ్బు మిగులు. పదకొండేళ్లలో మన టీమ్ చేసిన మంచి ఆఫ్ సీజన్ అదే అంటాను.

కాబట్టి ఆటగాళ్ల జాబితాలు వచ్చే రోజుల్లో ఇలా చూడండి. మొదట వచ్చేది రిటెయిన్ జాబితా, ఎవర్ని ఉంచుకున్నారన్నది. అందులో పెద్ద పేర్ల కోసం వెతక్కండి. రెండు కార్నర్లు, రెండు కవర్లు, ఈ నలుగురిలో ఎంతమంది మిగిలారో లెక్కపెట్టండి. ముగ్గురు ఉంటే ధైర్యంగా ఉండొచ్చు. ఇద్దరుంటే వాళ్లు ఒకే వైపు ఆడేవాళ్లా చూడండి, ఎడమ కార్నర్, ఎడమ కవర్ జంటగా ఉంటే సగం పని అయినట్టే. ఒక్కరే ఉంటే వేలంలో మనకి గట్టి పని ఉంది. తర్వాత కుర్రాళ్ల పేర్లు చూడండి. న్యూ యంగ్ ప్లేయర్ల కింద తక్కువ డబ్బుకి ఉంచుకున్న వాళ్లలో ఒక్కడు తేలినా పర్సుకి ఎంత ఊపిరో పుణె జట్టుని చూస్తే తెలుస్తుంది.

వదిలేసిన వాళ్ల పేర్లు చూసి వెంటనే గుండెలు బాదుకోవద్దు. ఫైనల్ బిడ్ మ్యాచ్ అని ఒక కార్డు ఉంది. మనం వదిలేసిన ఆటగాణ్ని వేరే జట్టు ఎంతకి పాడుకుందో, అదే ధర ఇచ్చి మనం తిరిగి తీసుకోవచ్చు. విజయ్ అలా వచ్చినవాడే. అంచేత "విడుదల చేశారు" అన్న వార్తకి, "పోగొట్టుకున్నారు" అన్న వార్తకి మధ్య వేలం రోజు దాకా ఆగాలి. ఆ కార్డులు కొన్నే ఉంటాయి కాబట్టి ఎవరి మీద వాడతారన్నదే అసలు ప్రశ్న, నేనైతే డిఫెండర్ మీద వాడమంటాను.

వేలం రోజు ఒట్టిగా చూడకండి, మీరూ ఆడండి. తెల్లకాగితం మీద ఐదు కోట్లు రాసుకుని, రిటెయిన్ చేసినవాళ్ల డబ్బు తీసేసి, మిగిలింది మీ పర్సు అనుకోండి. వేలం మొదలవకముందే ఏ స్థానానికి ఎంత దాకా వెళ్తారో రాసేయండి, తర్వాత మార్చకూడదు. గత సీజన్ లెక్కలతో నేను వేసుకున్నది: ఇద్దరు కార్నర్లకి కలిపి కోటిన్నర, కవర్లకి ఎనభై లక్షలు, ఇద్దరు ప్రధాన రైడర్లకి కోటీ నలభై, డూ ఆర్ డై రైడ్లకి వెళ్లే మూడోవాడికి పాతిక. మిగిలింది బెంచీకి. మూడో రైడర్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ గానీ, వరసగా రెండు ఖాళీ రైడ్లు పోయాక మూడోదాంట్లో పాయింటు తేకపోతే ఔట్ కదా, ఆ రైడ్‌కి ప్రతిసారీ కెప్టెన్‌ని పంపితే ఆట రెండో సగానికి అతని ఊపిరి అయిపోతుంది. ఒక్కో పేరు పాటకి వచ్చినప్పుడు మీ హద్దు దాటితే మీ కాగితం మీద కొట్టేయండి. సాయంత్రానికి మీ జట్టు, మన జట్టు పక్కపక్కన పెట్టి చూస్తే, యాజమాన్యం ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ మీకంటే తెలివిగా ఆగిందో రెండూ కనబడతాయి. ఒక్కోసారి ఆ పని ఎంత కష్టమో కూడా.

రీళ్లు చూసి ఆటగాణ్ని అంచనా వేయొద్దు. ముప్ఫై సెకన్ల వీడియోలో ప్రతి రైడరూ సింహమే. కుదిరితే పూర్తి మ్యాచ్‌లు రెండు చూడండి, ఒకటి గెలిచింది, ఒకటి ఘోరంగా ఓడింది. ఓడిన మ్యాచ్‌లో చివరి ఐదు నిమిషాలు అతను ఎలా నిలబడ్డాడో చూస్తే చాలు.

స్టేడియానికి వెళ్లడం గురించి ఒక్క మాట. 2018 తర్వాత ఏడేళ్లకి, 2025 ఆగస్టు 29న, పన్నెండో సీజన్ మన వైజాగ్‌లోనే మొదలైంది, విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌లో. మొదటి మ్యాచ్ తమిళ్ తలైవాస్‌తో. పవన్ వాళ్ల జెర్సీలో మన ముందుకి వచ్చాడు. గొంతులు పోయేలా అరిచాం, 35-38తో ఓడాం. మర్నాడు యూపీతో 35-40. బయటికి వస్తుంటే "ఇంకేముంది, మళ్లీ అదే కథ" అన్నవాళ్లు చాలామంది. అదే టీమ్ రెండు నెలల తర్వాత ఫైనల్‌కి ఒక్క మెట్టు కింద నిలబడింది. అందుకే సొంత ఊళ్లో మ్యాచ్‌లు పడితే మొదటి రెండు రోజుల టికెట్లకి ఎగబడకుండా, మూడో నాలుగో మ్యాచ్‌కి కూడా ఒకటి తీసి ఉంచుకోండి. అప్పటికి జట్టు కుదురుకుంటుంది. సీటు కూడా మ్యాట్ పొడవు వైపు కాకుండా మూలకి దొరికితే వదలొద్దు. టీవీ కెమెరా ఎప్పుడూ రైడర్ వెంటే పోతుంది, మూల సీట్లో కూర్చుంటే కార్నర్, కవర్ ఒకరికొకరు చేత్తో ఇచ్చుకునే సైగలు కనబడతాయి. మా చిన్నాన్నని మొన్న అలాగే తీసుకెళ్లాను. ఆయన మ్యాచంతా ఒక్క రైడర్ పేరు కూడా అడగలేదు, "ఆ మూలన ఉన్న కుర్రాడెవడు?" అని మాత్రం రెండుసార్లు అడిగారు.

నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ ఖాళీగా ఉంది. పైన ఐదు కోట్లు అని రాసి, కింద మొదటి వరసలో కుడి కార్నర్, ఎడమ కార్నర్ అని రాసి పెట్టాను. రైడర్ల వరస ఈసారి ఆ తర్వాతే.